పైకొమ్మ, కిందికొమ్మ

అనగనగా ఒక అడవి. ఒకటి కాదర్రా, రెండు. రెండింటి మధ్య ఒక ఏరు. ఏటికి ఇవతల తూర్పడవి, అవతల పడమటడవి. ఇవతల ఇప్పపూలు రాలే రోజుల్లోనే అవతలా రాలేవి. ఇవతలి జింకలకు అవతలి జింకలు మేనత్తలు, మేనమామలు. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ ఏరు దాటి వెళ్ళొస్తుండేవి. ఎవరు ఏ ఒడ్డువాళ్ళో అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

తూర్పడవిలో ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. దానికి ఏటివైపు రెండు కొమ్మలు, ఒకటి పైన, ఒకటి కింద. రోజూ పొద్దు పొడవగానే జంతువులన్నీ ఆ చెట్టు కింద చేరేవి. ముందురోజు ఎక్కడ ఏం జరిగిందో ఒక పక్షి చెప్పేది. దాన్ని పొద్దుకబురు అనేవారు.

కబురు చెప్పే పక్షికి ఒకే ఒక కట్టుబాటు. కళ్ళారా చూసింది చెప్పాలంటే పైకొమ్మ మీద కూర్చోవాలి. ఎవరో చెప్పగా విన్నది చెప్పాలంటే కిందికొమ్మ మీద కూర్చోవాలి. వెనక వరసలో నిలబడ్డ కుందేలుకి సగం మాటలు వినబడకపోయినా పరవాలేదు. తలెత్తి కొమ్మ చూస్తే చాలు, ఆ కబురు ఎంతవరకు నమ్మాలో తెలిసిపోయేది. పడమటడవిలోనూ ఇలాంటి చెట్టే ఉండేది. అక్కడా ఇదే కట్టుబాటు.

తూర్పడవిలో కబురు చెప్పేది సువ్వి అనే గోరువంక. దాని చెల్లెలు లాలి ఏరు దాటి కాపురానికి వెళ్ళింది. అక్కడ పొద్దుకబురు చెప్పే పని లాలిదే. రోజూ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు నడి ఏట్లో ఉన్న బండ మీద కలుసుకునేవారు. ఇటు సంగతులు అటు, అటు సంగతులు ఇటు చెప్పుకునేవారు. అవి మర్నాడు కిందికొమ్మ కబుర్లయ్యేవి. మీ చుట్టాలావిడకి కవలలట, మీ మామ కాలు బాగయిందట, ఇలాంటివి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఏరు ఎండి, బండ పక్కన ఒక్క గుంట మిగిలింది. పొద్దున తూర్పువాళ్ళు, సాయంత్రం పడమటివాళ్ళు వచ్చి అందులో తాగిపోయేవారు. తూర్పడవి లోపల ఎప్పుడూ ఎండని ఊటమడుగు ఒకటుంది. అది అందరిదీ. కానీ ఆ వేసవిలో అడవికి పెద్దయిన కొమ్ముల దొర, అడవిదున్న, ఆ దారికి అడ్డంగా తన తమ్ముళ్ళిద్దర్నీ నిలబెట్టాడు.

"ఊటని కాపాడాలి," అన్నాడు.

ఎవరి నుంచి అని మొదట ఎవరూ అడగలేదు. తర్వాత ఒకటీ అరా అడగడం మొదలుపెట్టాయి. ముసలి ముళ్ళపంది తాతయితే మొహం మీదే అడిగేశాడు.

ఇంతలో ఒక ఘోరం జరిగింది. చుక్కమ్మ అనే జింకకి ఒక కూన. పుట్టి నెల కూడా కాలేదు. ఏటిదాకా నడిచే ఓపిక దానికి లేదు. చుక్కమ్మ దాన్ని ఊటమడుగు దారికి తీసుకొచ్చి దున్నల్ని బతిమాలింది.

"బాబూ, నాకొద్దు. దీనికి రెండు గుక్కలు చాలు."

"దొరగారి మాట లేదు," అన్నాయి దున్నలు.

ఎక్కడైనా తడి నాచు దొరుకుతుందేమోనని చుక్కమ్మ రాళ్ళ సందులు వెతకడానికి పోయింది. అది వెళ్ళిన కాసేపటికే కూన ముందుకాళ్ళు వంగిపోయాయి. పడిపోయింది. మళ్ళీ లేవలేదు. దున్నలు ఒకదాని మొహం ఒకటి చూసుకుని, ఆ కూనని కొమ్ములతో పొదల్లోకి నెట్టేశాయి. చుక్కమ్మ తిరిగొచ్చి అడిగితే, మాకేం తెలీదన్నాయి. పైన చెట్టు మీద కూర్చున్న సువ్వి ఇదంతా చూసింది.

ఆ సాయంత్రం సువ్వి గూటి దగ్గరకు పరిమళయ్య వచ్చాడు. ఆయన పునుగుపిల్లి, దొరగారికి కుడిభుజం. ఆయన వస్తుంటే ఘుమఘుమలాడే వాసన ముందు వచ్చేది. మాట కూడా అంతే కమ్మగా ఉండేది.

"రేపు ఏం చెప్పబోతున్నావమ్మా?" అన్నాడు.

"చూసిందే చెబుతానండి."

"తప్పకుండా చెప్పాలి. కాకపోతే నాకో సంగతి తెలిసింది. పడమటడవి పందులు ఏరు దాటొచ్చి ఆ కూనని కుమ్మేశాయట."

"ఎవరు చూశారు?"

"చూసినవాళ్ళున్నారులే."

"అయితే కిందికొమ్మ మీద కూర్చుని చెబుతాను."

పరిమళయ్య నవ్వాడు. గూట్లోకి తొంగి చూశాడు. సువ్వి పిల్లలు రెండూ ముక్కులు తెరుచుకుని ఉన్నాయి. అరవడానికి కూడా గొంతు రావడం లేదు. ఏటిగుంట నుంచి సువ్వి ముక్కున తెచ్చే చుక్క ఆ ఎండలో గూడు చేరేలోపే ఆరిపోతోంది.

"పాపం, దాహంతో అలమటిస్తున్నాయి," అన్నాడు. "ఊటమడుగు దగ్గర మావాళ్ళకి చెబుతాను. పొద్దునా సాయంత్రం వచ్చి ముక్కు నిండా నీళ్ళు తీసుకుపో. నేనేమీ నిన్ను పాడుపని చెయ్యమనడం లేదు. ఒక్క కొమ్మ పైకెక్కి కూర్చో అంటున్నాను. ఎంత దూరం? జానెడు."

సువ్వి మర్నాడు మద్దిచెట్టు మీదికి వెళ్ళింది. ముందు కిందికొమ్మ మీదే వాలింది. కింద జంతువులన్నీ ఎదురుచూస్తున్నాయి. గూట్లో ఉన్న రెండు ముక్కులు దాని కళ్ళ ముందు కదిలాయి. టపుక్కున పైకొమ్మ మీదికి ఎగిరి కూర్చుంది. అదే దాని బతుకులో పెద్ద పొరపాటు.

"చుక్కమ్మ కూనని పడమటడవి పందులు చంపేశాయి," అంది.

కింద ఒక్కసారిగా గగ్గోలు. ముళ్ళపంది తాత మాత్రం తలెత్తి అడిగాడు.

"నువ్వు చూశావా అమ్మా?"

"పైకొమ్మ మీద కూర్చున్నాను కదా తాతా," అంది సువ్వి.

అందరూ తన నోటివైపే చూస్తుంటే సువ్వికి ఇంకా ఏదో చెప్పాలనిపించింది. ఎవరూ అడక్కపోయినా చెప్పింది.

"మూడు పందులు. ఒకదానికి కుడిచెవి తెగి ఉంది. కోరలకి నెత్తురుంది."

ఆ తెగిన చెవి పరిమళయ్య చెప్పింది కాదు. సువ్వి సొంతంగా కల్పించింది. ఎందుకు కల్పించిందో దానికే తెలీదు. చుక్కమ్మ మాత్రం చెట్టు మొదట్లో నిలబడి అయోమయంగా చూసింది.

"మరి నా బిడ్డకి దాహం వేసి కదా..." అని ఏదో అనబోయింది.

దాని మాట పూర్తి కాకుండానే అందరూ దాన్ని చుట్టుముట్టారు. కన్నీళ్ళు తుడిచారు. ఏనాడూ పలకరించని దున్నలు కూడా వచ్చి ఓదార్చాయి. కొమ్ముల దొర స్వయంగా వచ్చి, "నువ్వు వీరమాతవమ్మా. ఇవాళ్టి నుంచి ఊటమడుగు నీళ్ళు నీకు అడ్డం లేదు," అన్నాడు. చుక్కమ్మ ఇక నోరెత్తలేదు.

సాయంత్రం బండ మీద లాలి తోకాడించకుండా కూర్చుని ఉంది.

"అక్కా, మా పందులు మీ కూనని చంపాయని మీ ఒడ్డంతా కేకలు పెడుతోంది. నిజంగా చూశావా?"

సువ్వి రెక్క సవరించుకుంది.

"మా దొర కూడా నా దగ్గరకి తనవాణ్ణి పంపాడు," అంది లాలి. "తూర్పడవివాళ్ళు దండెత్తి వస్తున్నారని పైకొమ్మ మీద కూర్చుని చెప్పమంటున్నారు. నేను చూడనిది ఎలా చెప్పనని ఈ పూటకి తప్పించుకున్నాను. నీ మాట ఏమిటో చెబితే రేపు నాకు ధైర్యంగా ఉంటుంది."

"రేపు సర్దేస్తాలేవే," అంది సువ్వి.

సర్దలేదు. రెండోరోజు మద్దిచెట్టు కింద ఇసుక వేస్తే రాలనంత జనం. ఎప్పుడూ రాని ఉడుములు కూడా వచ్చాయి. సువ్వి ముందు కిందికొమ్మ మీద వాలి, అవతలి ఒడ్డు జింకకి కవలలు పుట్టిన సంగతి ఎత్తుకుంది.

"అవి ఎవడిక్కావాలి? పందుల సంగతి చెప్పు!" అని అరిచాయి.

సువ్వి పైకొమ్మ ఎక్కింది.

"పడమటడవి మందలు ఏటిగుంటను పట్టుకోబోతున్నాయి. మనకి చుక్క నీళ్ళు మిగల్చరు," అంది. ఇది పరిమళయ్య చెప్పిన మాటే.

"ఎవరు చూశారు?" అన్నాడు ముళ్ళపంది తాత.

ఈమాటు సువ్వి జవాబు చెప్పే పనే లేకపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళే తాత మీద విరుచుకుపడ్డారు. "నీకు అటువైపు బంధువులున్నారుగా, అందుకే ఈ ఆరాలు!" అన్నారు. అటువైపు బంధువులు లేనివాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు. ఆ సంగతి ఒక్కరికీ గుర్తురాలేదు. తాతని రాళ్ళు దొర్లించి తరిమేశారు. ఆయన ఆ ఎండలో ఎటు పోయాడో, మళ్ళీ కనబడలేదు. ఊటమడుగు దారి ఎందుకు మూశారని అడిగేవాళ్ళు కూడా ఆరోజుతో లేకుండా పోయారు.

సాయంత్రం సువ్వి బండ మీదికి వెళ్ళేసరికి లాలి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఇవాళ నేనూ పైకొమ్మ ఎక్కాను," అంది.

"ఏం చెప్పావు?"

"తూర్పు దున్నలు కొమ్ములు నూరుకుంటుంటే చూశానని చెప్పాను. ఏం చెయ్యను? నువ్వు చెప్పినవి విని మావాళ్ళు ఊగిపోతున్నారు. చెప్పకపోతే మీ అక్క పక్షమంటారు. నువ్వు సర్దుతానన్నావు. సర్దావా?"

"పిల్లలకి నీళ్ళు లేవే."

"నాకు మాత్రం పిల్లలు లేరా? నా మూడు గుడ్లు రేపో ఎల్లుండో పగిలి పిల్లలవుతాయి. నా గూడు ఎక్కడుందో నీకు తెలుసుగా? ఏటి ఒడ్డున మొట్టమొదటి చెట్టు. మీ దున్నలు దాటి వస్తే ముందు పడేది ఏ చెట్టు?"

సువ్వికి కాళ్ళ కింద బండ కదిలినట్టయింది. అంతవరకు తను చెప్పింది మాటలే అనుకుంది. ఆ మాటలు ఏరు దాటి చెల్లెలి గూటిదాకా నడిచి వెళతాయని అనుకోలేదు.

"రేపు చెప్పేస్తానే. అంతా చెప్పేస్తాను. ఒట్టు," అంది.

"చెప్పక్కా," అని లాలి ఎగిరిపోయింది.

మూడోరోజు సువ్వి నీళ్ళకి వెళ్ళలేదు. నేరుగా మద్దిచెట్టు మీదికి వెళ్ళింది. ధైర్యంగా పైకొమ్మ మీదే కూర్చుంది. ఇప్పుడు చెప్పబోయేది కళ్ళారా చూసిందే మరి. కింద జంతువులు కొమ్ములు పదును పెట్టుకుని, కోరలు రాళ్ళకి రుద్దుకుని సిద్ధంగా ఉన్నాయి.

"నేను అబద్ధం చెప్పాను," అంది సువ్వి. "పందులు రాలేదు. కూన మన ఊటమడుగు దారిలో దాహంతో చచ్చిపోయింది. దొరగారి తమ్ముళ్ళు నీళ్ళు తాగనివ్వలేదు. నేను చూశాను."

కొమ్ముల దొర తల దించుకున్నాడు. సువ్వికి ప్రాణం లేచొచ్చింది. నమ్ముతున్నారనుకుంది.

అప్పుడు పరిమళయ్య మెల్లగా ముందుకొచ్చాడు.

"ఈ అమ్మాయి రోజూ సాయంత్రం బండ మీద ఎవరితో మాట్లాడుతోందో మీకెవరికైనా తెలుసా?" అన్నాడు.

"చెల్లెలితో! పడమటడవి కబురు పిట్టతో!" అని ఎవరో అరిచారు.

"అమ్ముడుపోయింది!" అని ఇంకెవరో అరిచారు.

"అమ్ముడుపోలేదు!" సువ్వి గొంతు చించుకుంది. "చుక్కమ్మా, నువ్వు చెప్పవే! నువ్వు బతిమాలావు కదా, రెండు గుక్కలు చాలన్నావు కదా! నీ బిడ్డకి దాహమేసిందని నీకు తెలుసు కదా!"

అందరూ చుక్కమ్మ వైపు తిరిగారు. చుక్కమ్మ తలెత్తింది. దాని కళ్ళలో అబద్ధం లేదర్రా. అదే అసలు బాధ. అది నిజంగానే నమ్మి మాట్లాడింది.

"మూడు పందులు," అంది చుక్కమ్మ. "పొదల్లోంచి వచ్చాయి. ఒకదానికి కుడిచెవి తెగి ఉంది. కోరలకి నా బిడ్డ నెత్తురుంది. నేను నా కళ్ళతో చూశాను."

"నువ్వు చూడలేదు! ఆ చెవి నేను కల్పించిందే!"

"నా బిడ్డ చావు నీకు కల్పనా?" అంది చుక్కమ్మ. వలవలా ఏడ్చింది.

ఆ ఏడుపు తర్వాత ఇక మాటలు లేవు. ఎవరో రాయి విసిరారు. అది సువ్వి రెక్కకి తగిలింది. సువ్వి పైకొమ్మ మీంచి జారి, కిందికొమ్మకి కొట్టుకుని, నేలమీద పడింది. దాని పక్కనుంచే మందంతా ఏటివైపు పరిగెత్తింది. ముందు చుక్కమ్మ, వెనక మిగిలినవన్నీ. కొమ్ముల దొర మాత్రం ఊటని కాపాడాలి కదా, అందుకని ఆగిపోయాడు.

అటునుంచి పడమటడవి మంద కూడా వచ్చింది. దాని ముందూ ఎవరో ఏడుస్తూనే పరిగెత్తుతున్నారు.

రెండు మందలూ ఏటిగుంటలోనే కలుసుకున్నాయి. ఏ నీళ్ళ కోసం వచ్చామనుకున్నాయో ఆ నీళ్ళని గిట్టలతో తొక్కాయి. మేనత్తలు మేనకోడళ్ళని గుద్దారు. పడమటడవిలో ఒక ముసలి పంది ఉండేది. చిన్నప్పుడెప్పుడో ముళ్ళకంపలో చిక్కి దాని కుడిచెవి తెగింది. వేళ్ళు తవ్వుకుని తినడం తప్ప దానికింకేమీ తెలీదు. గోల విని, ఏమిటో చూద్దామని ఒడ్డుకి వచ్చింది. "అదిగో!" అన్నారు ఎవరో. దానికి ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే అయిపోయింది.

తర్వాత దున్నలు అవతలి ఒడ్డెక్కాయి. మొట్టమొదటి చెట్టుకి తలలు ఆనించి తోశాయి.

సువ్వి ఒంటిరెక్కతో ఎగురుతూ పడుతూ అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. చెట్టు నేలమీదుంది. లాలి కొమ్మల మధ్య ఏదో వెతుకుతోంది. మూడు గుడ్ల పెంకులు దొరికాయి. ఒక పెంకులో ముక్కు కూడా వచ్చేసిన పిల్ల ఉంది.

"లాలీ," అంది సువ్వి.

లాలి తలెత్తలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఎన్నడూ లాలి అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రానికి ఏటిగుంట ఉత్త బురదయింది. మర్నాటికి ఆ బురదా ఎండింది. నాలుగు రోజుల్లో రెండొడ్లలోనూ ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్కలేదు. ఎక్కువగా పోయినవి పిల్లలే. చుక్కమ్మ గుంటలోనే చనిపోయింది. మిగిలినవి ఊటమడుగు దారిలో వరస కట్టాయి. కొమ్ముల దొర ఒక్కొక్కదానికీ రెండేసి గుక్కలు పోయించాడు. అవి వంగి దండం పెట్టి తాగాయి. "దొరగారే లేకపోతే మన గతేమిటి?" అనుకున్నాయి. పడమటడవిలో కూడా ఒక దొర, ఒక మడుగు, ఒక వరస ఉన్నాయని అటునుంచి వచ్చిన కొంగలు చెప్పాయి. కానీ ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

వానలు పడ్డాయి. ఏరు మళ్ళీ పారింది. కానీ దాన్ని దాటేవాళ్ళు లేరు. మద్దిచెట్టు మీద కొత్తగా ఒక రామచిలుక కబుర్లు చెబుతోంది. కిందికొమ్మ పుచ్చిపోయింది, ఎవరి నెత్తి మీదైనా పడుతుందని పరిమళయ్య దాన్ని విరిపించేశాడు. ఇప్పుడు అన్ని కబుర్లూ పైకొమ్మ మీంచే. కింద నిలబడ్డ కుందేళ్ళు తలెత్తి చూడటం ఎప్పుడో మానేశాయి.

సువ్వి పిల్లలు మాత్రం ఆ వరసలో దొరికిన ఊటమడుగు నీళ్ళు తాగి బతికాయి. రెక్కలు వచ్చాయి. పెద్దదాని పేరు బుల్లి. ఒకరోజు సాయంత్రం అది ఏటివైపు నుంచి ఎగిరొచ్చింది.

"అమ్మా, నడి ఏట్లో బండ మీద ఒక గోరువంక కూర్చుంది. అచ్చం నీలాగే ఉంది. ఎవరే అది?"

"మీ పిన్ని," అంది సువ్వి.

బుల్లి ఈకలు నిక్కబొడుచుకుంది. "పిన్నా? అవతలి ఒడ్డున? వాళ్ళు కూనల్ని చంపేవాళ్ళు కదా?"

"ఎవరు చెప్పారు?"

"పైకొమ్మ మీద రోజూ చెబుతారుగా."

"మొదట చెప్పింది నేనే తల్లీ," అంది సువ్వి. "అది అబద్ధం. నేను చూడలేదు. వాళ్ళు ఎవర్నీ చంపలేదు. మీకు నీళ్ళిస్తామంటే చెప్పాను."

బుల్లి తల పక్కకి వంచి తల్లి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది.

"నువ్విలా అంటావని కూడా చెప్పారమ్మా," అని మద్దిచెట్టు వైపు ఎగిరిపోయింది.

సువ్వి బండ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

నీతి: విన్నదాన్ని చూసినట్టు చెప్పకండి, ఏ కొమ్మ మీంచి వచ్చిందో చూడకుండా దేన్నీ నమ్మకండి. నలుగురూ నమ్మేసిన అబద్ధాన్ని, దాన్ని పుట్టించినవాళ్ళే వచ్చి చంపాలన్నా చంపలేరు.